ఎల్.సి. స్మిత్ 12 బోరు: లాక్ ప్లేట్ల వెనక పగుళ్లు, ఫోరెండ్ చీలిక. ఏ జిగురు? ఏ వరస?

#1 ఫుల్టన్12

అందరికీ నమస్కారం. హంటర్ ఆర్మ్స్ వారి ఎల్.సి. స్మిత్, ఫీల్డ్ గ్రేడ్, 12 బోరు జోడుగొట్టాల తుపాకి. టెక్సస్‌లో ఉంది. గొట్టాలూ, లాకప్పూ (గొట్టాలు మూసినప్పుడు బిగుసుకునే తీరు) గన్‌స్మిత్‌కి చూపించాను, దిట్టంగా ఉన్నాయి. పాడైంది చెక్కే.

కుడి లాక్ ప్లేటు (పేల్చే యంత్రాన్ని మోసే పక్క రేకు) వెనక కొస నుంచి మణికట్టు (చేత్తో పట్టుకునే సన్నటి చోటు) వైపు 32 మి.మీ. పగులు. ఎడమ వైపు అదే చోట 18 మి.మీ. పైన టాంగ్ (చెక్కలోకి వెనక్కి సాగే ఇనుప పట్టీ) తోక వెనక వెంట్రుకవాసి నెర్రె, 10 మి.మీ. ఉంటుంది. ఫోరెండ్‌లో (గొట్టాల కింద ఉండే ముందు చెక్క) ఇనుము కూర్చున్న గుంట పక్కగోడ 40 మి.మీ. మేర చీలింది. స్టాకు (భుజానికి ఆనించే చెక్క) తల, అంటే ఇనుముతో కలిసే ముందు కొస, నూనె తాగి నల్లబడింది.

ఇంట్లో టైట్‌బాండ్ 3, గొరిల్లా గ్లూ, పల్చటి సూపర్ గ్లూ ఉన్నాయి. ఏది పోయాలి? పిన్నులు వేయాలా?

#2 అక్రోటు

ఫుల్టన్ గారూ, జిగురు సంగతి తర్వాత. ముందు ఎందుకు పగిలిందో చూడాలి.

ఇది సైడ్‌లాకు. రెండు పక్కలా లాకుల కోసం, పైనా కిందా టాంగుల కోసం చెక్కను తొలిచేశాక తల దగ్గర మిగిలేవి సన్నటి పక్కటెముకలే. తుపాకి తన్నినప్పుడు ఆ దెబ్బంతా తల ముందు ముఖాలు తీసుకోవాలి, అంటే ఫ్రేము (గొట్టాల వెనకుండే ఇనుప దిమ్మ) వెనక భాగానికి ఆనుకునే చోటు. ఏళ్ల తరబడి చెక్క ఎండి కుంచించుకున్నా, నూనెకి మెత్తబడి నలిగినా అక్కడ పట్టు పోతుంది. పట్టు పోయాక తుపాకి పేలిన ప్రతిసారీ ఫ్రేము వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అప్పుడు టాంగ్ తోక, ప్లేట్ల వెనక కొసలు చెక్కను పొడుస్తాయి. కట్టెలు చీల్చడానికి చీల దిగ్గొట్టినట్టే. పోగు పొడవునా ఉంటుంది కాబట్టి పగులూ పొడవునా పాకుతుంది. మీరు చెప్పిన మూడు పగుళ్లూ ఆ మూడు కొసల దగ్గరే ఉన్నాయి, గమనించారా?

ఈ మోడల్‌కి ఇది పేరుపడ్డ జబ్బు. పగుల్లో జిగురు పోసి, ఇనుమును మళ్లీ అదే గుంటలో అలాగే కూర్చోబెడితే జిగురు గీత నిలుస్తుంది, దాని పక్కన కొత్తది పగులుతుంది. తల ముందు పట్టు తిరిగి తేవడం, ఆ మూడు కొసల వెనక ఖాళీ వదలడం, అసలు మరమ్మతు ఈ రెండే. అంటించడం వాటి మధ్యలో వచ్చే పని.

(సందర్భం కాకపోయినా ఒక మాట: స్మిత్ కరోనా టైపురైటర్ల పేరులోని స్మిత్, ఈ తుపాకి పేరులోని లైమన్ కార్నేలియస్ స్మిత్ ఒకరే. తుపాకుల వ్యాపారం హంటర్ కుటుంబానికి వెళ్లింది. 1945లో మార్లిన్ కొన్నది, 1950లో ఆపేసింది, మళ్లీ 1968 నుంచి 1971 దాకా కొన్ని చేసింది. మీది హంటర్ కాలపుది కాబట్టి చెక్క వయసు 80 దాటినట్టే.)

#3 సానరాయి

అక్రోటు గారి మాటకి నాదీ ఓటు. ఇనుము విప్పాక ఇవి చూసి రాయండి.

పగులు చుట్టూ రబ్బింగ్ ఆల్కహాల్ తుడిచి ఓ నిమిషం ఆగండి. చుట్టూ ఆరిపోయినా పగులు గీత తడిగా నిలుస్తుంది, నిజమైన పొడవు అప్పుడు తెలుస్తుంది. పైకి కనబడేదానికన్నా లోపల పొడవుగా ఉండడం మామూలే. తర్వాత తల దగ్గర రెండు చెంపలూ బొటనవేళ్లతో మెల్లగా వెడల్పు చేసి చూడండి. పగులు తెరుచుకుని, వదిలితే పూర్తిగా మూసుకుంటే మంచి లక్షణం. మూసుకోకపోతే లోపల మురికో, పాత జిగురో ఉంది.

విప్పేటప్పుడు: తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూడండి. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయేలా, పక్కలు సమాంతరంగా అరగదీసిన టర్న్‌స్క్రూలే వాడండి. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవరు కొస ఏటవాలుగా ఉంటుంది, గాడి చెడుతుంది. ఒక అట్ట మీద తుపాకి బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకోండి. లాకులోని మెయిన్‌స్ప్రింగు బిగువు మీద ఉందో లేదో తెలియకుండా ప్లేటు ఊడదీయొద్దు. ఏదీ పెట్టి ఎగదీయొద్దు కూడా, పగిలిన చోటే ఒత్తిడి పడుతుంది. చేయి తిరగని పని అయితే విప్పించుకునేవరకు గన్‌స్మిత్ దగ్గర, చెక్క పని మీ బల్ల మీద.

#4 ఫుల్టన్12

గన్‌స్మిత్ చేతే విప్పించాను. కుడి పగులు లోపల 41 మి.మీ. ఉంది. ఎడమది 18 మి.మీ. దగ్గరే ఆగింది. రెండూ వేళ్లతో తెరుచుకుంటున్నాయి. కుడిది పూర్తిగా మూసుకోవడం లేదు, కాగితమంత సందు మిగులుతోంది. లోపల తారులా నల్లటి జిడ్డు. తల ముందు ముఖం కుడి కింది మూల మెరుస్తోంది, మిగతాదంతా మసకగా ఉంది.

#5 అక్రోటు

మెరుస్తున్న చోట మాత్రమే ఇనుము ఆనుతోంది, అంటే తన్నుడంతా ఒక మూల మీదే పడుతోంది. ఎడమకన్నా కుడి ఎక్కువ పగలడానికి కారణం అదే అయి ఉండాలి.

#6 పల్నాటి_ఉలి

జిడ్డు తియ్యకుండా ఏ జిగురూ పట్టదు, ఇది రాసిపెట్టుకోండి. ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపి వాడే జిగురు) అయినా నూనె చెక్క మీద పెంకులా లేచిపోతుంది.

బట్‌ప్లేటు (స్టాకు వెనక కొసన ఉండే పలక) తీసేయండి, అసిటోన్ తగిలితే పాత గట్టి రబ్బరు పాడవుతుంది. పొడవాటి రేకు డబ్బాలో అసిటోన్ పోసి తల మాత్రమే, గుంటల చివర దాటి ఓ 2 సెం.మీ. మునిగేలా నిలబెట్టండి. మూత పెట్టి 24 గంటలు. టీ రంగులోకి దిగుతుంది. పారబోసి కొత్తది పోయండి. లేత పసుపు వచ్చేదాకా, మామూలుగా మూడు నాలుగు విడతలు పడుతుంది. ఆఖరి విడత తర్వాత సుద్దపొడిని అసిటోన్‌తో పెరుగులా కలిపి గుంటల్లో, పగుళ్ల మీద మందంగా పట్టించండి. ఎండుతూ అది లోపలి నూనెను పైకి లాగుతుంది, పొడి గోధుమరంగు అవుతుంది. దులిపి మళ్లీ పట్టించండి. పొడి తెల్లగానే రాలిందంటే చాలు.

తర్వాత నీడలో వారం ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెడితే కొత్త బీటలు వస్తాయి.

#7 గోదారి_గట్టు

ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర పెడితే నూనె దానంతటదే కారుతుందని ఎక్కడో చదివాను. వారం పని గంటలో అయిపోదా అన్నా?

#8 పల్నాటి_ఉలి

అయిపోతుంది తమ్ముడూ, స్టాకు కూడా అయిపోతుంది. ఆ వేడికి చెక్కలోని తేమ ఒక్కసారిగా పోయి తల మెలితిరుగుతుంది, ఇనుము మళ్లీ గుంటలో కూర్చోదు. అసిటోన్‌లో నానిన చెక్కను ఓవెన్‌లో పెట్టడం అంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. దాని ఆవిరి అంటుకోవడానికి ఎండాకాలపు వేడి కూడా అక్కర్లేదు, ఫ్లాష్ పాయింటు సున్నాకి 20 డిగ్రీలు తక్కువ. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటరు ఉంటే ఈ పని అక్కడ వద్దు, బయట చేయండి. హెయిర్ డ్రయ్యరు వాడొచ్చు గానీ, అసిటోన్ పూర్తిగా ఎగిరిపోయాకే.

#9 అక్రోటు

ఇక జిగురు. ఫుల్టన్ గారి ఇంట్లో ఉన్న మూడింటినీ పక్కన పెట్టమనే అంటాను, కారణాలతో.

గొరిల్లా గ్లూ పాలీయురెథేన్ రకం అయితే ఆరుతూ నురగలా ఉబ్బుతుంది. ఆ నురగలో బలం లేదు, పైగా పగుల్ని తెరుస్తుంది. టైట్‌బాండ్ మంచి వడ్రంగి జిగురు, కాదనను. కానీ శుభ్రమైన చెక్క, సందు లేకుండా మూసుకునే పగులు ఉంటేనే. మీ కుడి పగుల్లో కాగితమంత సందు ఉంది, అది ఆ సందు నింపలేదు. పాతకాలపు వజ్రం (తోళ్లు ఉడికించి చేసే) జిగురుదీ ఇదే కథ, దానికి తోడు తేమంటే పడదు. సూపర్ గ్లూ వెంట్రుకవాసి నెర్రెలోకి బాగా పాకుతుంది, గట్టిపడ్డాక మాత్రం పెళుసు. టాంగ్ వెనక 10 మి.మీ. గీతకి పనికొస్తుంది, మిగతా రెండింటికీ వద్దు. ఒకసారి పోశాక ఆ పగుల్లోకి వేరే జిగురు దిగదు, రంగూ పట్టదు.

నిదానంగా ఆరే పల్చటి ఎపాక్సీ తీసుకోండి. బ్రౌనెల్స్ ఆక్రాగ్లాస్ ద్రవ రకం అయితే 4 పాళ్ల రెజిన్‌కి 1 పాలు హార్డెనర్. అదే కంపెనీ జెల్ రకం 1కి 1, అది పగుల్లోకి దిగదు, బెడ్డింగుకి (ఇనుము చెక్క మీద అంతటా ఆనేలా నింపడానికి) దాచుకోండి. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్, 206 హార్డెనర్ అయితే 5కి 1, గది వేడిలో 20 నిమిషాల పైచిలుకు టైము ఇస్తుంది. ఈ పనికి 10 మి.లీ. కలిపినా మిగులుతుంది. సూది లేని సిరంజిలతో కొలవండి, కళ్లతో కాదు. హార్డెనరు కాస్త ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందనుకుంటారు, అది ఎప్పటికీ రబ్బరులా ఉండిపోతుంది. కప్పు గోడలు గీకుతూ 4 నిమిషాలు కలపండి.

5 నిమిషాల ఎపాక్సీ జోలికి పోవద్దు. చెక్కలోకి ఇంకేలోపే బిగుసుకుంటుంది.

#10 డబుల్_ఓ_బక్

పగులు చివర 1.5 మి.మీ. రంధ్రం వేస్తే ఇక ముందుకి పాకదు కదా? విమానాల రేకులకి అదే చేస్తారు.

#11 సానరాయి

రేకులో పనిచేస్తుంది, అక్కడ పదార్థం అన్ని వైపులా ఒకటే. చెక్క పోగుల కట్ట. పగులు రంధ్రం పక్క నుంచి రెండు పోగుల మధ్య దారి చేసుకుని పోతుంది. మణికట్టు మీద ఒక మచ్చ మిగలడం తప్ప లాభం లేదు. జిగురు ఆఖరి కొసదాకా చేరడమే ఇక్కడ అడ్డుకట్ట.

#12 డబుల్_ఓ_బక్

ఒప్పుకోను పూర్తిగా. మందమైన బట్ భాగంలో నాకు పని చేసింది. కానీ మణికట్టు దగ్గర మీరన్నదే సరి కావచ్చు.

#13 పల్నాటి_ఉలి

అంటించే రోజు వరస చెబుతాను. ముందు జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకోండి, జిగురు కలిపాక వెతుక్కోడానికి టైము ఉండదు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. గుంటలు ఖాళీగా ఉంచి స్టాకు చుట్టూ బిగిస్తారు. చెంపలు లోపలికి వంగి అలాగే ఆరిపోతాయి, తర్వాత లాకు దూరదు. ఇనుమును లోపల పెట్టే బిగించాలి. ఇనుము గుంటలకి తగిలే ప్రతి చోటా ఇనుము మీద మైనం షూ పాలిష్ రెండు పూతలు పూయండి, మెరిసేలా రుద్దండి. స్క్రూ రంధ్రాలు, గాడులు బొమ్మలు చేసుకునే మైనపు మట్టితో మూయండి. లాకుల లోపలి యంత్రం తీసేసి వట్టి ప్లేటు పెట్టండి. ఇనుము మీద పూసిన పాలిష్ పగుల్లోకి మాత్రం పోకూడదు సుమా.

పగులు ముఖాలు అసిటోన్‌తో మరోసారి కడిగి, ఆరిన గంటలోపే జిగురు పెట్టాలి. ఆలస్యం చేస్తే లోతున మిగిలిన నూనె మళ్లీ పైకి వస్తుంది. పగులు పక్కల బయట మాస్కింగ్ టేపు అంటించండి. హెయిర్ డ్రయ్యరుతో చెక్కను గోరువెచ్చగా చేసి, ఆ వేడి మీద జిగురు వేయండి. చెక్క చల్లబడుతుంటే లోపలి గాలి కుంచించుకుని జిగురును తనే లాక్కుంటుంది. లోపలి వైపు నుంచి వేసి, బయటి వైపు వాక్యూమ్ క్లీనరు గొట్టం ఆనించి పీలిస్తే ఇంకా మంచిది. పగులు గీత పొడవునా జిగురు బయటికి ఊరేదాకా ఆపొద్దు. వెదురుపుల్ల కొసతో పగుల్ని కాస్త తెరిచి ఉంచొచ్చు, పాకేంత తెరవొద్దు.

బిగించడానికి సైకిల్ ట్యూబు 2 సెం.మీ. వెడల్పు పట్టీలా కోసి నాలుగైదు చుట్లు. కింద మైనపు కాగితం. సి-క్లాంపుతో నొక్కితే జిగురంతా బయటికొచ్చి ఎండు గీత మిగులుతుంది, ఎపాక్సీకి ఒత్తిడి కన్నా ఒద్దిక ముఖ్యం. 21 డిగ్రీలకి తగ్గని గదిలో 24 గంటలు ముట్టుకోకండి.

ఇనుము ఊడిరాకపోతే సుత్తి ఎత్తకండి. మొత్తం గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. ఇనుము, చెక్క వేర్వేరుగా కుంచించుకుంటాయి కాబట్టి ‘టప్’మని వదులుతుంది.

#14 ఫుల్టన్12

పిన్నుల సంగతి ఎవరూ చెప్పలేదు.

#15 అక్రోటు

జిగురు ఆరాకే పిన్నులు. తెరిచి ఉన్న పగులు మీదుగా డ్రిల్ చేస్తే బిట్టు పగులు వెంట జారుతుంది.

కుడి పగులుకి రెండు, ఎడమకి ఒకటి, టాంగ్ వెనక గీతకి వద్దు. 3 మి.మీ. మరలు (థ్రెడ్లు) ఉన్న ఇత్తడి కడ్డీ, 3.3 మి.మీ. రంధ్రం. లాకు గుంట లోపలి గోడ నుంచి వెనక్కి వాలుగా, పగుల్ని అడ్డంగా దాటేలా వేయండి. బయటి ముఖానికి కనీసం 5 మి.మీ. ముందే ఆగాలి, బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. బయట నుంచి ఎవరికీ కనబడదు. కడ్డీ 20 మి.మీ. చాలు. మరల్లో ఎపాక్సీ పట్టించి తిప్పుతూ దించండి, కొట్టొద్దు. లోపల చిక్కిన గాలి, జిగురు కొత్త పగులు తేగలవు. కొస గుంట గోడకి 1 మి.మీ. లోపలే ఉండాలి, లేకపోతే లాకు భాగాలకి తగులుతుంది.

చెక్క స్క్రూ వాడొద్దు. దాని ఏటవాలు ఒళ్లే ఒక చీల.

#16 సానరాయి

ఇక బెడ్డింగు. ఈ చర్చ మొత్తంలో ఇదే ముఖ్యం, తీరిగ్గా చేయండి.

దీపపు మసి ఇనుము వెనక ముఖానికి పల్చగా పట్టించి, తల మీద కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసి తీయండి. నలుపు అంటిన చోట ఆనుతోంది. కాటుక వాడొద్దు, అందులో ఆముదం ఉంటుంది, అన్ని రోజులు తీసిన నూనె మళ్లీ మీరే పెట్టినట్టు. మీ తుపాకికి కుడి కింది మూల మాత్రమే నల్లబడుతుంది. ఆ మూలను పదునైన ఉలితో పొట్టు పొట్టుగా గీకుతూ పోయి మిగతా చోట్లకి నలుపు రప్పించొచ్చు. కానీ అలా ఎక్కువ గీకితే స్టాకు ముందుకి వచ్చి టాంగ్ రంధ్రాలు కలవవు. అందుకని ఒక పావు మి.మీ. గీకి, మిగతాది జెల్ ఎపాక్సీతో నింపండి. చెక్కను అసిటోన్‌తో తుడిచి, జెల్‌ను ముందు ముఖాల మీద పల్చగా రాసి, పాలిష్ పూసిన ఇనుమును స్క్రూలతో కూర్చోబెట్టండి, పైపైన బిగించండి చాలు. ఆరాక మసి పరీక్ష మళ్లీ. ముందు ముఖం ముప్పావు వంతు నల్లబడితే బాగున్నట్టు.

ఆ తర్వాతే కొసల వెనక ఖాళీ. టాంగ్ తోక వెనక, రెండు ప్లేట్ల వెనక కొసల దగ్గర 0.3 మి.మీ. గీకేయండి, పేకముక్క దూరేంత. చూసేవాళ్లకి సన్నటి గీత కనిపిస్తుంది, కనిపించనివ్వండి. అందం కోసం ఆ గీతని మూసేస్తే పగులు మళ్లీ మొదటికొస్తుంది. గీకిన పచ్చి చెక్క అంచులకి పల్చటి ఎపాక్సీయో, ఫినిషో ఒక పూత తప్పనిసరి, లేకపోతే నూనె మళ్లీ అక్కడి నుంచే ఎక్కుతుంది.

#17 డబుల్_ఓ_బక్

ఫోరెండ్ గురించి నేను రాస్తాను. 40 మి.మీ. చీలికని అదే పల్చటి ఎపాక్సీతో అంటించి, ఆరాక లోపలి వైపు, గొట్టాలకి తగలని చోట, 1 మి.మీ. లోతు గాడి తీసి పల్చటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఒక వరస ఎపాక్సీలో పరవండి. గోడ సన్నంగా ఉంటుంది కాబట్టి అక్కడ పిన్నుకి చోటు లేదు. ఫోరెండ్ ఇనుము చెక్కలో ఊగుతుంటే ముందు ఆ ఊపు తీయాలి, స్క్రూ బిగించినా ఊగితే ఇనుము కింద జెల్. చెక్క వెనక అంచు ఫ్రేము గుండ్రానికి తగలకూడదు, అక్కడా పేకముక్క సందు. ఫోరెండ్ చీలికలు చాలావరకు ఆ తగలడం వల్లే.

#18 గోదారి_గట్టు

రాజమండ్రి దగ్గర మా చుట్టాలింట్లో పాత 12 బోరు డబుల్ బ్యారెల్ ఉంది, లైసెన్సుదే. దాని మణికట్టు కూడా పగిలింది. ఇక్కడ దొరికే అరాల్డైట్‌తో ఇదే పద్ధతి నడుస్తుందా?

#19 అక్రోటు

సామాను వరకు నడుస్తుంది. అరాల్డైట్ స్టాండర్డ్, రెండు ట్యూబులూ సమానంగా. చిక్కగా ఉంటుంది, ట్యూబుల్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే పల్చబడుతుంది, కాని త్వరగా బిగుసుకుంటుంది కూడా.

కాకపోతే మన దేశంలో ముందు చట్టం చూడాలి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకి మరమ్మతుకి దానికంటూ లైసెన్సు కావాలి, తుపాకి అన్న మాటలో దాని భాగాలూ కలిసే ఉన్నాయి. కాబట్టి ఊళ్లో వడ్రంగికి ఇవ్వొద్దు, మీరే ఇంట్లో విప్పొద్దు. మరమ్మతు లైసెన్సున్న ఆయుధాల డీలరుకి, తుపాకి లైసెన్సు పుస్తకంతో పాటు తీసుకెళ్లి, రసీదు తీసుకుని అప్పగించండి. ఇక్కడ రాసినవి ఆయనతో మాట్లాడడానికి పనికొస్తాయి: కొసల వెనక ఖాళీ ఉంచుతారా, లోపల జిడ్డు తీస్తారా అని అడగండి. బాక్స్‌లాకు (యంత్రం ఫ్రేము లోపలే ఉండే రకం) అయితే ప్లేట్ల గొడవ ఉండదు, టాంగ్ వెనక, తల దగ్గర చూస్తే చాలు. అమెరికాలో వ్యాపారంగా చేసేవాళ్లకే ఫెడరల్ లైసెన్సు, ఫుల్టన్ గారు తన చెక్క తాను చేసుకోవచ్చు.

#20 పల్నాటి_ఉలి

ఫినిషు గురించి కొంచెం. మొత్తం స్టాకు ఉప్పుకాగితం పెట్టి రుద్దేయొద్దు. చెక్క ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది, గీతల చెక్కడం అరిగిపోతుంది, తుపాకి విలువా పోతుంది. జిగురు ఊరిన చోట మాత్రం 320 నంబరు. అసిటోన్ పడిన చోట రంగు తేలిపోతుంది, దానికి అవిసె నూనెలో రతన్‌జోత్ వేరు వారం నానబెట్టి వడకట్టి రాస్తే వాల్‌నట్‌కి పాత ఎరుపు వస్తుంది. ఇంగ్లీషు తుపాకుల ‘రెడ్ ఆయిల్’ కూడా అల్కనెట్ వేరుతో చేసేదే, మనవాళ్లు రోగన్ జోష్‌లో వాడేదీ ఆ రంగే. వేలితో ఒక్కో చుక్క, రోజుకొక పూత, 8 నుంచి 10 పూతలు. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరేయండి.

పగులు గీత నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. వాల్‌నట్ పొడి ఎపాక్సీలో కలిపితే ఇంకా నల్లబడుతుంది. ఉండనివ్వండి.

#21 ఫుల్టన్12

అంటించి, పిన్నులు వేసి, జెల్ బెడ్డింగు చేశాను. మసి పరీక్షలో ముందు ముఖం బాగానే నల్లబడింది, ఎడమ పై మూల మాత్రం అంటలేదు. పేకముక్క మూడు చోట్లా దూరుతోంది. ఇలా కాల్చొచ్చా, మళ్లీ జెల్ వేయాలా?

#22 సానరాయి

ఎడమ పై మూల ఎంత ఖాళీ? సిగరెట్ కాగితం దూరకపోతే వదిలేయండి. దూరితే ఆ మూలకి మాత్రం ఇంకో చుక్క జెల్.

కాల్చేటప్పుడు ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు కొలిపించుకుని దానికి తగ్గ తూటానే, 7/8 ఔన్సు లేదా 1 ఔన్సు తేలిక లోడుతో మొదలుపెట్టండి. మాగ్నమ్ (ఎక్కువ బలం ఉన్న తూటా) వద్దే వద్దు. 25 తూటాల తర్వాత టాంగ్ స్క్రూ చూడండి, వదులైతే పావు మలుపు. పేకముక్క మళ్లీ దూర్చి చూడండి. ఏ కొస దగ్గరైనా దూరకపోతే స్టాకు సర్దుకుంది, అక్కడ ఇంకాస్త గీకాలి. ఇక బీరువాలో నిలబెట్టేటప్పుడు గొట్టాల మూతి కిందికి పెట్టండి, కింద గుడ్డ వేసి. నూనె గొట్టాల్లోకి దిగుతుంది, చెక్కలోకి కాదు.

#23 ఫుల్టన్12

సిగరెట్ కాగితం దూరింది. ఒక చుక్క వేశాను, రేపు విప్పుతాను.